కోళ్లగూడు ఖర్చు ఏ పద్దులో రాశారండీ?

చెప్పిన గడువుకి పని ముగించని ప్రతి మహానుభావుడికీ, “ఆయన పర్‌ఫెక్షనిస్టు అండీ” అని వెనకేసుకొచ్చే భక్తుడు ఒకడుంటాడు. మొన్న ఒకాయన నా ఎదుటే, గన్స్ ఎన్ రోజెస్ అనే అమెరికా రాక్ బృందం గాయకుడు యాక్సెల్ రోజ్ గారిని అలా వెనకేసుకొచ్చాడు. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

ఆ బృందం వారి ఆల్బమ్ ఒకటి, అదీ పరాయివాళ్ల పాటలతో, అమెరికాలో 1993 నవంబరు 23న వచ్చింది. ఆ తర్వాతది ‘చైనీస్ డెమోక్రసీ’, 2008 నవంబరు 23న. సరిగ్గా పదిహేనేళ్లు. (తిథి తప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.) ఈలోగా బృందంలోని గిటారిస్టు స్లాష్, బేస్ గిటారిస్టు డఫ్ మూటాముల్లె సర్దుకున్నారు. ఖర్చు 1.3 కోట్ల డాలర్లని పత్రికలు 2005లోనే లెక్క తేల్చాయి. పాపం, ఇంకో మూడేళ్లు ఉందని వాటికేం తెలుసు?

డబ్బు ఎటు పోయిందంటారా? కోళ్లగూడు కట్టారండీ! స్టూడియోలో! బకెట్‌హెడ్ అని ఒక గిటారిస్టు, ముఖానికి తెల్ల ముసుగు, నెత్తిన కేఎఫ్‌సీ బకెట్. గూట్లో కూర్చుంటేనే ఆయనకి సంగీతం పలుకుతుందట. నాకు ఆ పనికొచ్చిన మేస్త్రీయే కళ్లముందు మెదులుతున్నాడు. “ఎన్ని కోళ్లకి సార్?” “ఒక్కదానికే. గిటార్ వాయిస్తుంది.” రోజ్ గారి తోడేలు పిల్ల ఒకటి ఆ గూట్లో దూరి దొడ్డికి కూర్చుందట. ఎత్తిపోయబోతే గిటారిస్టు గారు అడ్డుపడ్డారట, వాసన బాగుందని! నా కల్పన కాదు, రికార్డు కంపెనీ తరఫున అక్కడ ఉండి పనులు చూసిన పెద్దమనిషి చెప్పుకున్న గోడు. పర్‌ఫెక్షన్‌కి వాసన కూడా ఉంటుందన్నమాట.

ఒక డ్రమ్మర్ వాయించి వెళ్లిపోతే, దాన్నే ఇంకో డ్రమ్మర్ చేత దెబ్బ పొల్లుపోకుండా మళ్లీ వాయించారు. వేసిన రోడ్డే మళ్లీ వేసి బిల్లు పెట్టే మన కాంట్రాక్టర్లు దీని ముందు పసిపిల్లలు. 2004లో ఆ రికార్డు కంపెనీ, గెఫెన్, దణ్ణం పెట్టేసింది, మిగతాది మీ సొంత డబ్బుతో కానివ్వండని.

ఇక్కడిదాకా నవ్వొచ్చింది. 2008లో, ఆల్బమ్ ఇంకా బయటికి రాకముందు, తొమ్మిది పాటలు నెట్లో పెట్టాడని ఒక బ్లాగర్‌ని ఎఫ్‌బీఐ వాళ్లు అరెస్టు చేశారు. తర్వాత కోర్టు రెండు నెలలు ఇల్లు కదలొద్దంది. తప్పు చేశాడు, సరే. మరి కోట్లు తగలేసి, ఏళ్ల తరబడి “ఇదిగో, అదిగో” అంటూ జనాన్ని తిప్పుకున్నవాళ్ల గుమ్మం ఎవరైనా తొక్కారా? ఆకలితో ఉన్నవాడు మూత తీసి చూస్తే దొంగ, పదిహేనేళ్లు వడ్డించనివాడు కళాకారుడా? సిగ్గు లేదూ!

ఆ ఏడాదే డాక్టర్ పెప్పర్ కూల్‌డ్రింక్ వాళ్లు పందెం కాశారు: 2008లో ఆల్బమ్ వస్తే అమెరికాలో ప్రతి ఒక్కరికీ ఓ క్యాన్ ఉచితం, స్లాష్‌కీ బకెట్‌హెడ్‌కీ తప్ప. వచ్చింది. కూపన్ల కోసం జనం ఎగబడితే సైటు కూలబడింది. వెంటనే రోజ్ గారి లాయరు నోటీసు: పత్రికల్లో పేజీ నిండా క్షమాపణ వేయించాలట.

కూల్‌డ్రింక్ వేళకి అందలేదని!