కథ రెడీగా ఉంటే ఇంక పనేముంది అనేవాళ్లకి

"నవలని సినిమాగా రాసేవాడికి కష్టమేముంది? కథ రెడీమేడ్. సీన్లుగా కోసుకోవడమే. సొంత కథ లేనివాళ్లు చేసే పని అది. పాత పుస్తకమైతే హక్కుల గొడవ కూడా ఉండదు." ఈ మెసేజ్ వారంలో మూడు గ్రూపుల్లో వచ్చింది. విశాఖలో కూర్చుని స్క్రిప్టులు రాసుకునేవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

ముందు ఆ కోసుకోవడం సంగతి. మన ఊరి వకీలు రావిశాస్త్రిగారి నవల 'అల్పజీవి' తీసుకోండి. అందులో హీరో సుబ్బయ్య భయమంతా అతని బుర్రలోనే నడుస్తుంది. బుర్రలో నడిచేది కెమెరాకి కనపడదు. వాయిస్ ఓవర్, అంటే బొమ్మ వెనక మాట వినిపించడం, పెట్టొచ్చు, పది నిమిషాలు దాటితే హాల్లో జనం ఫోన్లు తీస్తారు. సరదాకి ఒక్క సీను రాద్దామని కూర్చుంటే రెండు వారాలు కదల్లేదు. ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఒకాయన కనిపించాడు. నీళ్లలో దిగాలా వద్దా అని చెప్పులు విడుస్తాడు, అల చూసి మళ్లీ తొడుక్కుంటాడు. ఇంటికొచ్చి సుబ్బయ్యని ఆఫీసరు గది బయట నిలబెట్టి అదే పని చేయించాను. మాట లేదు. పేజీలకి పేజీల ఆలోచన ఆ చెప్పుల మీద పడింది.

ఇంకో లెక్క. స్క్రిప్టు పేజీకి సుమారు నిమిషం. రెండున్నర గంటల సినిమాకి 150 పేజీలు, అవీ సగం ఖాళీగా ఉండేవి. నాలుగొందల పేజీల నవలని అందులో పట్టించాలంటే ఏ పాత్ర పోవాలో, ఏ ఇద్దరు ఒక్కరవ్వాలో తేల్చాలి. పోయిన పాత్ర చేసిన పని ఇంకెవరో చెయ్యాలి. టెన్షనంతా అక్కడే.

సొంత కథ లేనివాళ్లా? రూత్ ప్రవర్ ఝాబ్వాలా ఢిల్లీలో దాదాపు పాతికేళ్లు ఉన్నావిడ. సొంత నవలకి 1975లో బుకర్ ప్రైజ్ అందుకుంది. తర్వాత ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ నవలల్ని సినిమాలుగా రాసి రెండు ఆస్కార్లు తెచ్చుకుంది. ఆవిడకి కథలు లేక ఆ పని చేసిందంటారా?

పుస్తకం చదివినవాళ్లకి సినిమా ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుందని కూడా ఆ మెసేజ్ చివర ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు, నాకూ అలాగే అనిపిస్తుంది.

హక్కుల మాట మాత్రం శుద్ధ తప్పు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక ఇంకా 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు కనక 'కన్యాశుల్కం' ఎవరైనా తీసుకోవచ్చు. పాతవన్నీ అంతే అనుకుంటే ఇరుక్కుంటారు. హక్కులు రాతలో, సంతకంతో తీసుకోవాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే. అమ్మేశాక రచయిత నోరెత్తకూడదనీ లేదు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలని సినిమాలో వక్రీకరించారని కోర్టుకెక్కితే, హక్కులిచ్చేసినా అడిగే అధికారం రచయితకి ఉంటుందని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

రావిశాస్త్రిగారు 1993లో పోయారు. అంటే 2053 చివరిదాకా అనుమతి కావాలి. చెప్పుల సీను నోటుబుక్కులోనే ఉంది.