పది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు మనకెందుకు?

ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. వస్తే చాలామందిని నెలల్లోనే తీసుకుపోతుంది. మందు లేదు. పేరు క్రాయిట్స్‌ఫెల్డ్ యాకబ్ డిసీజ్, డాక్టర్లు పొట్టిగా సీజేడీ అంటారు. ఇంత అరుదైన జబ్బు మీద ఒక న్యూరాలజిస్టు జీవితమంతా పెట్టాలా, ప్రభుత్వం డబ్బు పెట్టాలా అని ఎవరైనా అడిగితే, పెట్టాల్సిందే అంటాను. లండన్ న్యూరాలజిస్టు జాన్ కాలింజ్, ఆయన బృందం చేసిన పని చూస్తే ఆ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

ముందు జబ్బు సంగతి. ప్రియాన్ ప్రొటీన్ మనందరి మెదడులోనూ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు 20వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ ప్రొటీన్ ఎప్పుడైనా తప్పుగా ముడుచుకుంటే, పక్కనున్న మంచి ప్రొటీన్‌నీ తనలాగే మార్చేస్తుంది. పాలలో తోడు చుక్క పడ్డట్టే, కొంచెం చాలు, మిగతాదంతా అదే దారి పడుతుంది. మెదడు కణాలు చచ్చి, స్పాంజిలా చిల్లులు పడతాయి. ఇలా వచ్చే జబ్బులన్నిటినీ ప్రియాన్ జబ్బులంటారు, సీజేడీ అందులో ఒకటి. బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, ఉత్త ప్రొటీనే జబ్బును అంటించగలదని 1982లో స్టాన్లీ ప్రూసినర్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయనా న్యూరాలజిస్టే.

కాలింజ్ వైపు నుంచి వచ్చిన మొదటి పెద్ద మలుపు జన్యు పరీక్షల్లో ఉంది. చనిపోయాక మెదడును మైక్రోస్కోపు కింద చూసినా సీజేడీ గుర్తులు కనిపించని కుటుంబాలు కొన్ని ఉన్నాయి. జన్యువు చూస్తే అందులో తేడా దొరికింది. ఏదో ఒక డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని సరిపెట్టుకున్నది నిజానికి ప్రియాన్ జబ్బు అని 1990లో ఆయన బృందం ప్రకటించింది. పైకి కనిపించే లక్షణాల్ని బట్టి మతిమరుపుకు పేర్లు పెట్టడం ఎంత నమ్మరానిదో అప్పుడే తేలింది.

తర్వాతి సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల గొలుసు. ప్రియాన్ ప్రొటీన్ గొలుసులో 129వ స్థానంలో కొందరికి మిథియోనిన్ అనే ముక్క, కొందరికి వాలైన్ అనే ముక్క ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి రెండూ ఒకటే కావచ్చు, వేర్వేరూ కావచ్చు. దీనివల్ల ఎవరి ఆరోగ్యమూ చెడదు. కానీ కారణం తెలియకుండా సీజేడీ వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ రెండూ ఒకటేనని 1991లో బయటపడింది. బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు (అదీ ప్రియాన్ జబ్బే) గొడ్డు మాంసం ద్వారా మనుషులకు సోకినప్పుడు, చాలా ఏళ్లపాటు పరీక్షించిన ప్రతి రోగికీ 129 దగ్గర రెండు మిథియోనిన్లే. అదే మాంసం తిన్నవాళ్లు కోట్ల మంది. ఎవరు పడతారు, ఎవరు నిలుస్తారు అన్నదాంట్లో ఈ ఒక్క స్థానానికి అంత పెద్ద వాటా ఉంది.

ఈ మాటకు గట్టి సాక్ష్యం లండన్‌లో కాదు, పాపువా న్యూ గినీ తూర్పు కొండల్లో దొరికింది. అక్కడి ఫోరే ప్రజల్ని కురు అనే మరో ప్రియాన్ జబ్బు అతలాకుతలం చేసింది. 2,500 మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ. చనిపోయిన సొంతవాళ్ల శరీరాన్ని తినడం వాళ్ల అంత్యక్రియల్లో భాగం. పురుగుల పాలు చేయడం కన్నా ప్రేమించినవాళ్ల కడుపులో చోటివ్వడం మేలని వాళ్లు నమ్మారు. దాన్ని అనాగరికం అనేసి నడిచిపోవడం నాకు నచ్చదు. 1950ల్లో ఆస్ట్రేలియా పాలకులు ఆ ఆచారాన్ని ఆపించారు. ఆ తర్వాత పుట్టిన వాళ్లలో జబ్బు కనిపించలేదు. కానీ అంతకుముందు సోకినది మాత్రం లోపలే ఉండిపోయింది. 1996 నుంచి 2004 మధ్య కాలింజ్ బృందం, దశాబ్దాలుగా అక్కడే పనిచేసిన ఆస్ట్రేలియా డాక్టర్ మైకేల్ ఆల్పర్స్‌తో కలిసి, 11 మంది కొత్త రోగుల్ని గుర్తించింది. సోకిన నాటి నుంచి బయటపడేదాకా 40, 50 ఏళ్లు పట్టిన కేసులవి.

ఆ అంత్యక్రియల విందుల్లో ఎన్నోసార్లు పాల్గొని కూడా బతికి ఉన్న ముసలమ్మల రక్తం పరీక్షించారు. 30 మందిలో 23 మందికి 129 దగ్గర రెండూ వేర్వేరు. మామూలుగా అయితే అంతమందిలో ఉండదు. అంటే అలా లేనివాళ్లు చాలామంది అప్పటికే కురుతో చనిపోయారు. 2009లో సైమన్ మీడ్, కాలింజ్ తదితరులు మరో సంగతి చెప్పారు. కురు ఎక్కువగా ఉన్న లోయలో కొందరికి 127వ స్థానంలో గ్లైసిన్ బదులు వాలైన్ ఉంది. కురు వచ్చినవాళ్లలో ఒక్కరికీ అది లేదు. ఆ మార్పును ఎలుకల్లో పెడితే, రెండు కాపీలున్న ఎలుకలు పరీక్షించిన ప్రతి రకం ప్రియాన్‌నీ తట్టుకున్నాయని 2015లో తేలింది. మందు కంపెనీలు ఎక్కడెక్కడో వెతికే రక్షణ, ఎవరూ పట్టించుకోని కొండల్లో కొన్ని తరాల చావుల మధ్య పుట్టింది. ఈ పరిశోధనలో ఫోరే వాళ్లు రక్తం ఇచ్చారు, ఊళ్లలో తిరిగి సమాచారం తెచ్చారు, చనిపోయిన వాళ్ల వివరాలు చెప్పారు. వాళ్ల పేరు పక్కన పెట్టి ఈ కథ చెప్పడం అన్యాయం.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. భారత్‌లో 60 దాటిన వారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది, అంటే 88 లక్షల మంది. వీళ్లలో ప్రియాన్ రోగులు లెక్కకు కూడా రారు. అయినా అల్జీమర్స్‌లోనూ అమిలాయిడ్, టావ్ అనే ప్రొటీన్లు తప్పుగా ముడుచుకుని ఒకదాన్ని చూసి ఒకటి పోగవుతాయన్న అవగాహన ప్రియాన్ పరిశోధన వల్లే బలపడింది. 1959 నుంచి 1985 దాకా బ్రిటన్‌లో ఎదుగుదల తక్కువున్న కనీసం 1,848 మందికి, చనిపోయినవాళ్ల పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన హార్మోన్ ఇచ్చారు. ఆ హార్మోన్‌లో ప్రియాన్లు కలిసిపోవడంతో కొందరికి సీజేడీ వచ్చింది. సీజేడీ రాని కొందరికి చిన్న వయసులోనే అల్జీమర్స్ లాంటి లక్షణాలు వచ్చాయని 2024లో కాలింజ్ బృందం చెప్పింది. ఇది చదివి ఎవరూ టెన్షన్ పడొద్దు. ఆ వైద్యం 1985లోనే ఆగింది. అల్జీమర్స్ ఉన్న అమ్మను ఎత్తుకుని కూర్చోబెడితే, అన్నం తినిపిస్తే అంటదు. ఆ నిర్ధారణల మీద శాస్త్రవేత్తల్లో చర్చ ఇంకా నడుస్తోంది కూడా.

మనవాళ్లకు ఇంకో అపోహ ఉంది. వంశపారంపర్య జబ్బు అనగానే మేనరికాన్ని తప్పుపడతారు. వంశంలో వచ్చే ప్రియాన్ జబ్బుకు మేనరికంతో పని లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి జన్యువులో ఆ మార్పు ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. ఎవరిని చేసుకున్నా ఆ లెక్క మారదు. కోడలి పుట్టింటి రక్తం మీదకు నెట్టే పెద్దలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మరి మందు? కాలింజ్ బృందం తయారుచేసిన పీఆర్ఎన్100 అనే యాంటీబాడీని (ప్రియాన్ ప్రొటీన్‌ను పట్టుకుని అడ్డుకునే మందు) 2018 నుంచి ఆరుగురికి ఇచ్చారు. అది మెదడు దాకా చేరింది, పెద్ద దుష్ప్రభావాలు కనపడలేదు. కానీ ఆరుగురూ చనిపోయారు. మరో దారి, ప్రియాన్ ప్రొటీన్ ఉత్పత్తినే తగ్గించడం. తల్లి సీజేడీ లాంటి జబ్బుతో పోయాక తనలోనూ అదే మార్పు ఉందని తెలుసుకున్న సోనియా వల్లభ్, భర్త ఎరిక్ మినికెల్‌తో కలిసి పాత ఉద్యోగాలు వదిలి ఆ పరిశోధనలోకి దిగారు. ఈ జన్యువు ఒక కాపీ పనిచేయకపోయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లున్నారని వాళ్లు చూపించారు. అంటే ఈ ప్రొటీన్‌ను సగానికి తగ్గించినా మనిషికి ప్రమాదం లేదన్న ధైర్యం దొరికింది. ఆ ధైర్యంతోనే ఐయాన్717 అనే మందు మనుషుల మీద ట్రయల్ దాకా వచ్చింది.

మందు రాకముందే జన్యువు పరీక్ష చేయించుకోవాలా అన్నది మాత్రం ఏ శాస్త్రవేత్తా తేల్చే ప్రశ్న కాదు. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా హక్కే. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థలో జన్యు పరీక్షలు చేస్తారు. ఎవరైనా ముందు ఒక జెనెటిక్ కౌన్సెలర్‌తో (జన్యు పరీక్షల మంచిచెడ్డలు వివరించే నిపుణులతో) గంట కూర్చుని, ఇంట్లో మాట్లాడుకుని, ఆ తర్వాతే రక్తం ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని లాలాజలం పంపి, మర్నాటి నుంచి ఫోన్‌లో రిపోర్టు కోసం చూడటం ఈ జబ్బు విషయంలో చేయకూడని పని. రిపోర్టు ఒక్కరి పేరుతోనే వచ్చినా అందులో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల, ఇంకా పుట్టని పిల్లల సంగతీ ఉంటుంది.