కీచుమనే బెల్టుకు సబ్బు మందు కాదు

వారం రోజుల్లో ఒకే సందేశాన్ని నాకు అయిదుగురు మిత్రులు పంపారు. పాత కారు బానెట్ కింద కీచుమంటుంటే తిరుగుతున్న బెల్టుకు బట్టల సబ్బు ఆనించినా, నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసినా, తుప్పు వదిలించే స్ప్రే కొట్టినా చాలునట. బెల్టును కదలకుండా బిగించాలని, అప్పటికీ తగ్గకపోతే కొత్తది వేయాలని, మెకానిక్ డైనమో (బ్యాటరీని ఛార్జి చేసేది) మార్చాలంటే మాత్రం నమ్మవద్దని దాని చివర మరో మూడు చిట్కాలు ఉన్నాయి. పంపినవారందరూ నా మేలు కోరేవారే కనుక విడివిడిగా జవాబు చెప్పాను. ఆరోసారీ వచ్చేసరికి ఓపిక నశించింది.

బిగింపు మాట ఒక్క వాక్యంలో తేలిపోతుంది: మితిమీరి బిగిస్తే ఆ లాగుడంతా డైనమో, వాటర్ పంపుల (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు తిప్పేవి) బేరింగుల మీద పడి, బెల్టు కంటే ముందు అవి పోతాయి. కొత్త బెల్టు సంగతీ అంతే. పుల్లీలు, అంటే బెల్టు కూర్చునే గాడి చక్రాలు, ఒకే వరుసలో లేకపోయినా, పైనుంచి ఆయిలో కూలెంటో కారుతున్నా, కొత్తది కూడా కొద్ది రోజుల్లోనే పాట అందుకుంటుంది.

అసలు ప్రమాదం సబ్బుతోనే. సబ్బు రాస్తే చప్పుడు ఆగుతుందన్నది నిజమేనని ఒప్పుకుంటాను, కాని బెల్టు జారడం ఆగదు. అంతకుముందు అరుస్తూ జారినది ఇప్పుడు నిశ్శబ్దంగా జారుతుంది. ఇంగ్లీషు V అక్షరం ఆకారంలో ఉండే ఈ వి-బెల్టు పుల్లీ గాడిని పట్టుకునేది తన రెండు పక్కలతోనే. అరిగిన బెల్టును తిప్పి చూస్తే ఆ పక్కలు గాజులా మెరుస్తుంటాయి, పుల్లీ చుట్టూ నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది. పట్టు తప్పిన ఆ పక్కలకే సబ్బు పూస్తే ఉన్న పట్టు కూడా పోతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. నూనె అయితే రబ్బరునే ఉబ్బించి మెత్తబరుస్తుంది. మారుతి 800 వంటి కార్లలో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. మా వీధిలో ఒక పెద్దాయన సబ్బు రాసి, చప్పుడు ఆగిందని సంతోషించి, మే నెల ఎండలో ఏలూరు బయలుదేరారు. దారిలో బెల్టు తెగింది, బ్యాటరీ దీపం వెలిగింది. ఊరు చేరాక చూపిద్దామని బండి ఆపలేదు. నీళ్ళు తిరగక ఇంజిన్ మరిగిపోయి, దాని పైభాగపు అతుకులో ఉండే సీలు, హెడ్ గాస్కెట్, కాలిపోయి, ఆ వేసవంతా కారు షెడ్డులోనే ఉంది. తిరుగుతున్న బెల్టు దగ్గరకు సబ్బు పట్టుకుని చెయ్యి పెట్టమనడం మరీ ఘోరం. వేళ్ళు పోతే ఆ సందేశం రాసినవారు వచ్చి అతికిస్తారా?

కూత ఎక్కడిదో తెలుసుకోవడానికి మంచినీళ్ళు చాలు. ఇంజిన్ నడుస్తుండగా, చేతి రుమాలు, చున్నీ వంటివేవీ వేలాడకుండా చూసుకుని, దూరం నుంచి స్ప్రే సీసాతో బెల్టు లోపలి వైపు కొద్దిగా నీళ్ళు కొట్టాలి. వెంటనే కూత పెరిగితే బిగువు చాలడం లేదని, కూత కొన్ని క్షణాలు ఆగి మళ్ళీ మొదలైతే పుల్లీలు వరుస తప్పాయని, ఏ మార్పూ లేకపోతే బేరింగును అనుమానించాలని అర్థం. హెడ్‌లైట్లు, బ్లోయరు వేయగానే కీచుమంటే డైనమో మీద బరువు పడి బెల్టు జారుతోందన్నమాట. వానాకాలం ఉదయాన స్టార్టు చేసిన కొన్ని క్షణాలు కూసి ఆగిపోతే, చెమ్మ వల్ల వచ్చిన చప్పుడే కావచ్చు. అప్పుడు బిగువు ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇక డైనమో గురించి ఆ సందేశం చెప్పినది సబబే. చప్పుడు వినగానే డైనమో మొత్తం మార్చాలనేవారిని నేనూ చూశాను. ఇంజిన్ ఆపి, చల్లారాక, బెల్టు విప్పి ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పమని అడగండి. డైనమో పుల్లీ గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగు పోయినట్లే, చాలా పాత కార్లకు ఆ బేరింగు విడిగానే దొరుకుతుంది.