మూడు నెలలకే మాటిచ్చిన మనిషి

1884లో ఒక శనివారం. డబ్లిన్ నగరంలో మ్యాట్ టాల్బట్ అనే 28 ఏళ్ల కూలీ ఒక మందు దుకాణం బయట నిలబడి ఉన్నాడు. ఆ వారమంతా పనికి పోలేదు, జేబులో చిల్లిగవ్వ లేదు. పన్నెండో ఏట మద్యం వ్యాపారుల దగ్గర పనికి కుదిరినప్పుడు మొదలైన తాగుడు అది. చేతిలో డబ్బు ఆడినప్పుడు తోటివాళ్లకు పోయించడం అతనికి అలవాటు. అందుకే ఆ రోజు కూలి తీసుకుని వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు తనకూ ఒక గ్లాసు ఇప్పిస్తారని ఎదురుచూశాడు. అందరూ వచ్చారు, లోపలికి పోయారు. ఒక్కరూ రమ్మనలేదు. నేరుగా ఇంటికి పోయి, తాగనని ప్రమాణం చేయబోతున్నానని తల్లితో చెప్పాడు. నిలబెట్టుకునేటట్టయితేనే చెయ్యి అందావిడ. చర్చిలో గురువు దగ్గరికి వెళ్లి పాపసంకీర్తనం చేశాడు, అంటే తన పాపాలు ఒప్పుకున్నాడు, ప్రమాణమూ చేశాడు. ఎంతకాలానికి? మూడు నెలలకు.

జీవితాంతానికని అనలేదు. మూడు నెలలు గడిచాక ఇంకొంత కాలానికి, ఆ తర్వాతే శాశ్వతంగా. 1925 జూన్ 7న, ఆదివారం పూజకు నడిచి వెళుతూ వీధిలో కుప్పకూలి చనిపోయేదాకా, 41 ఏళ్లు, అతను మళ్లీ చుక్క ముట్టలేదు. 1975లో పోపు ఆరవ పౌలు అతన్ని పూజ్యుడిగా ప్రకటించారు, పునీతుడయ్యే దారిలో అదొక మెట్టు. ఇవాళ ఎన్నో దేశాల్లో తాగుడుతో పోరాడే విశ్వాసులు అతని పేరు తలుచుకుంటారు.

టాల్బట్ కథలో నన్ను పట్టి ఆపేది ఆ 41 ఏళ్లు కాదు, ఆ మూడు నెలలు. మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో తాగుడు మానడం గురించి మాట్లాడే తీరులో ఈ మూడు నెలలకు చోటు లేదు. మన దగ్గర వినిపించే సాక్ష్యాలన్నీ ఒకే రాత్రిలో ముగుస్తాయి. ప్రార్థన కూటానికి వచ్చాడు, వాక్యం తాకింది, ఇంటికెళ్లి సీసా పగలగొట్టాడు, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ముట్టలేదు. అలా జరిగినవాళ్లున్నారు, దేవునికి స్తోత్రం. కానీ అలా జరగనివాళ్లే ఎక్కువ. నాలుగు వారాలు ఆగి, ఐదో వారం బెల్టు షాపు ముందు దొరికినవాడు ఆ సాక్ష్యం వింటూ వెనక బెంచీలో కూర్చుని తన గురించి ఏమనుకుంటాడు? నాకు రక్షణ రాలేదు అనుకుంటాడు. మరుసటి ఆదివారం రాడు.

మొదటి రోజుల్లో టాల్బట్ నరకం చూశాడు. ఒకరోజు కోరిక తట్టుకోలేక మందు దుకాణంలోకి వెళ్లి నిలబడ్డాడు కూడా. పనివాడు అతన్ని పట్టించుకోలేదు, కాసేపటికి బయటికి వచ్చేశాడు. ఆ రోజు నుంచి జేబులో డబ్బు పెట్టుకోవడం మానేశాడు. పని అయ్యాక తోటివాళ్లు మందు కొట్టుకు మళ్లే వేళకు తను గుడిలోకి పోయి కూర్చునేవాడు. పొద్దున పనికి ముందు పూజకు వెళ్లేవాడు. పాత బాకీలు ఒక్కొక్కటే తీర్చాడు. చివరి రోజుల్లో ఒంటికి గొలుసులు చుట్టుకుని తపస్సు చేశాడంటారు. ఆయన భక్తి మీద నాకు గౌరవం ఉన్నా, ఆ గొలుసులను ఎవరికీ సిఫారసు చేయను. ఖాళీ జేబు మాత్రం ప్రతి ఒక్కరికీ సిఫారసు చేస్తాను. కృప మీద ఆధారపడ్డ మనిషే తన బలహీనతకు ఇంత పక్కా ఏర్పాటు చేసుకున్నాడు. ప్రార్థన చేసినవాడు ఆ దారిన నడవకుండా వేరే వీధి కూడా చూసుకోవాలి.

ఇక్కడ ఒక పాత వాదం అడ్డొస్తుంది. కానా పెళ్లిలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసం చేయలేదా? కడుపు జబ్బుకు కొంచెం పుచ్చుకోమని పౌలు తిమోతికి రాయలేదా? నిజమే, బైబిలు ద్రాక్షారసాన్ని గంపగుత్తగా నిషేధించలేదు. అదే బైబిలు నోవహు తాగి గుడారంలో పడిపోవడాన్నీ దాచలేదు. కొరింథు సంఘంలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) దగ్గరే ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని పౌలు మండిపడటాన్నీ దాచలేదు. ఒక గ్లాసు పాపమా కాదా అన్న చర్చ తాగుడు సమస్య లేనివాళ్లకు బాగుంటుంది. బానిసైపోయిన మనిషికి ఒక గ్లాసు అనేదే ఉండదు. అతనికి పనికొచ్చే వాక్యం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది. అన్నిటియందు నాకు స్వాతంత్ర్యము కలదు గాని నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను. పౌలు ఇక్కడ వస్తువు మంచిదా చెడ్డదా అని అడగడం లేదు, ఎవరు ఎవరికి యజమాని అని అడుగుతున్నాడు. సామెతలు 23వ అధ్యాయం చివర తాగుబోతు మాట వినండి. నన్ను కొట్టారు, నొప్పి తెలియలేదు, ఎప్పుడు నిద్ర లేస్తాను, మళ్లీ దాన్ని వెతుక్కుంటాను అంటాడు. దెబ్బలు తిన్నా మళ్లీ అక్కడికే వెళ్లే ఆ బుద్ధిని నేటి మానసిక వైద్యులు ఏ పేరుతో పిలిచినా, దాని రూపాన్ని ఆ మాటలు సరిగ్గా పట్టుకున్నాయి.

ప్రభువు బల్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసాన్ని వేడిచేసి, పులియకుండా నిలవ ఉంచే పద్ధతి కనిపెట్టాడు. సంస్కారపు గిన్నెలో మద్యం లేకుండా చేయడమే ఆయన ఉద్దేశం. మానేసిన మనిషికి గిన్నె అందించేటప్పుడు అందులో పులిసింది ఉండకూడదన్నది చిన్న సంగతిలా కనిపించవచ్చు. నెలల తరబడి చుక్క ముట్టనివాడి ముక్కుకు ఆ వాసన తగిలితే ఏమవుతుందో అతని భార్యను అడగండి.

తాగుడు పాపమా, జబ్బా? మన దగ్గర పాస్టరు గారు ఒకటంటారు, డాక్టరు గారు ఇంకొకటంటారు, మధ్యలో కుటుంబం నలుగుతుంది. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు, చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేస్తున్నానని ఒప్పుకున్నాడు. బాధ్యత తనదే అంటూనే బలం తన దగ్గర లేదన్నాడు. తాగుడులో ఉన్నవాడి స్థితి అచ్చం ఇదే. కాబట్టి పశ్చాత్తాపమూ కావాలి, చికిత్సా కావాలి. ఒకటి చాలునని చెప్పేవాళ్లు ప్రాణాలతో ఆడుకుంటున్నారు.

ప్రాణాలు అన్న మాట ఊరికే వాడలేదు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదట చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు కొందరికి మతి భ్రమిస్తుంది, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. వైద్యం అందకపోతే చనిపోవచ్చు కూడా. అలా ఊగిపోతున్నవాణ్ని దయ్యం పట్టిందని గదిలో పెట్టి మూడు రోజుల ఉపవాస ప్రార్థన చేయించడం విశ్వాసం కాదు, ప్రమాదం. ఆ మూడు రోజులు అతను ఆసుపత్రి మంచం మీద ఉండాలి. బి1 విటమిన్ ఎక్కించాలి, వణుకు తగ్గే మందులు ఇవ్వాలి. సంఘం వరండాలో కూర్చుని ప్రార్థన చేయాలి. ఇంకో ప్రమాదం, భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టే 'మందు మాన్పించే మందు'. డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే గుండెకే ముప్పు రావచ్చు. అది రోగికి చెప్పి, డాక్టరు చూస్తుండగా వాడాల్సినది. అక్కలారా, ఎంత విసిగిపోయినా ఆ పని చేయకండి.

కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం అప్పటికి దేశంలో 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వాళ్లలో 5.7 కోట్ల మందికి ఏదో ఒక సాయం అవసరం. బానిసలైనవాళ్లలో 38 మందికి ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? చాలామంది ఇంట్లోనే ఉన్నారు. కొందరు మన మందిరం వెనక బెంచీలో ఉన్నారు.

వాళ్లకు డాక్టరు తర్వాత కావాల్సింది మనిషి. 1935 మేలో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి ఒక హోటల్లో దిక్కుతోచక నిలబడ్డాడు. మానేసి కొన్ని నెలలే అయింది. వచ్చిన పని చెడిపోయింది. ఒకవైపు బారులోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఇంకోవైపు టెలిఫోను, పక్కనే ఊళ్లోని చర్చిల జాబితా. ఆయన ఫోను దగ్గరికి నడిచి ఒక పాదిరి గారికి ఫోను చేశాడు. తనకు ఒక తాగుబోతుతో మాట్లాడాలని ఉందన్నాడు. అలా చేతులు మారి మారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు దగ్గరికి చేరాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన రోజుగా చెప్పుకునే ఆ ఏడాది జూన్ 10నే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా పాటిస్తారు. ఆ తొలి రోజుల్లో వాళ్లు మళ్లీ మళ్లీ చదువుకున్నది కొండమీద ప్రసంగం, కొరింథీ మొదటి పత్రిక 13వ అధ్యాయం, యాకోబు పత్రిక. యాకోబు ఐదో అధ్యాయంలో ఏముందో మనకు తెలుసు. స్వస్థత పొందేలా మీ పాపాలను ఒకనితో ఒకడు ఒప్పుకోమని ఉంది.

ఒకనితో ఒకడు. వేదిక మీద మైకు పట్టుకుని వందమందితో అని లేదు. ఈ తేడా దగ్గరే మన సంఘాలు తప్పుతున్నాయని నా అభిప్రాయం. మనం గెలిచినవాడికి మైకు ఇస్తాం, పడిపోయినవాడికి బల్ల ఆపేస్తాం. క్రమశిక్షణ అక్కర్లేదనడం లేదు. కానీ పడిపోయిన రాత్రి పదకొండింటికి ఫోను చేయగలిగిన ఒక్క నంబరు, తిట్టకుండా ఎత్తే ఒక్క అన్న అతనికి లేకపోతే ఆ క్రమశిక్షణ అతన్ని బయటికి తోయడానికే పనికొస్తుంది. త్రాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కారన్న వచనం అందరికీ నోటికి వస్తుంది. ఆ వెంటనే వచ్చే మాట, మీలో కొందరు అట్టివారై యుంటిరి అన్నది, అంత తొందరగా గుర్తుకు రాదు.

మన ప్రాంతానికి ఈ పోరాటం కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమపు పుస్తకాలు చదువుకుని సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997కల్లా అది సడలిపోయింది. ఆ ఆడవాళ్లు చేసింది చరిత్ర, అందులో నాకు సందేహం లేదు. చట్టం దుకాణాన్ని మూయగలదు, మనిషి లోపలి దాహం దగ్గరికి వెళ్లలేదు. అక్కడికి వెళ్లగలిగిన సంఘం, ఆ ఆడవాళ్లతో మాత్రం చాలాసార్లు ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి అనే అంది. తన్నులు తినే చెల్లికి ముందు కావాల్సింది భద్రంగా పడుకునే చోటు, ఇంటి డబ్బు ఆమె చేతికి రావడం. భర్త కోసం ప్రార్థన అక్కడి నుంచి కూడా చేయవచ్చు.

శ్రమదినాల్లో నలభై రోజులు ముట్టకుండా ఉండి, ఈస్టరు మర్నాడే మళ్లీ మొదలుపెట్టేవాళ్లను అందరం చూశాం. మాల వేసుకున్న 41 రోజులు ఆగే మన పొరుగువాళ్లదీ అదే కథ. వాళ్లను వేషధారులని తిట్టడం నాకు నచ్చదు. నలభై రోజులు ఆగగలిగారంటే అది టాల్బట్ మూడు నెలల్లో దాదాపు సగం దాకా వచ్చినట్టే. నలభై ఒకటో రోజు పొద్దున వాళ్ల ఇంటికి వెళ్లి, ఇంకో నలభై రోజులు చూద్దామా అన్నా అని అడిగేవాళ్లే లేరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మందిరం కిక్కిరిసిపోతుంది, వాగ్దానపు కార్డులు పంచుతాం. వెనక బెంచీవాడి విషయంలో జనవరి మొదటి శనివారం, కూలి చేతికొచ్చే సాయంత్రం, ఆ రాత్రికన్నా ముఖ్యం. ఆ వేళకు మందిరం తలుపు తీసి, టీ పెట్టి, ఇద్దరు మనుషులు కూర్చుంటే చాలు. దీనికి పెద్ద ఖర్చు లేదు, తీర్మానాలూ అక్కర్లేదు.

టాల్బట్ గురించి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. తాగే రోజుల్లో ఒకసారి, వీధిలో వాయించుకుని బతికే ఒక మనిషి ఫిడేలును అతనూ స్నేహితులూ దొంగిలించి అమ్మి తాగారు. మానేశాక ఆ మనిషి కోసం ఏళ్ల తరబడి డబ్లిన్ వీధులన్నీ తిరిగాడు, దొరకలేదు. చివరికి ఆ డబ్బుతో అతని ఆత్మశాంతికి పూజలు చేయించాడు.