కొట్టులో కూర్చుంటేనే తెలుస్తుంది

నిజమైన క్లయింటును, అంటే పని చేయించుకునే మనిషిని, అప్పగిస్తే విద్యార్థులకు ప్రాజెక్టు నిర్వహణ దానంతటదే వస్తుందని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట సగమే నిజం. ఒడిశాలోని మా బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్న పిల్లల్ని దగ్గరుండి చూస్తున్నాను. సావుకారు తెలుగులో చెబుతారు, కౌంటర్ కుర్రాడికి ఒడియా తప్ప రాదు, జీఎస్టీ లెక్కలాయనకి అన్నీ ఇంగ్లీషులోనే కావాలి. ఈ ముగ్గురిలో క్లయింట్ ఎవరండీ?

ఫోన్‌లో అడిగినంతకాలం సావుకారు "బాగుందమ్మా" అనేవారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో కొట్టులో కూర్చున్నాక గానీ విషయం తేలలేదు. కుర్రాడు ఒక చేత్తో చీర మడతపెడుతూ రెండో చేత్తో బిల్లు కొడతాడు, మౌస్ ముట్టుకునే తీరికే ఉండదు. దాంతో పిల్లలు మొత్తం కీబోర్డు మీదే నడిచేలా మార్చారు. సాఫ్ట్‌వేర్ పనిని విడతలుగా చేసే స్క్రమ్ పద్ధతిలో ఒక్కో విడత (స్ప్రింట్) నెల దాటకూడదంటారు, ఇలాంటి చోట చేసినంత పనిని వారానికోసారి చూపించడమే మేలు.

వ్యాసంలో అసలు లేనిది, పనయ్యాక సాఫ్ట్‌వేర్‌ను కొట్టుకి అప్పగించే సంగతి. చదువైపోగానే పిల్లలు విశాఖో హైదరాబాదో వెళ్ళిపోతారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ శ్లాబులు మారాయి కదా, మళ్ళీ మారితే సరిచేసేదెవరు? సర్వర్ పాస్‌వర్డ్ ఎవరో విద్యార్థి జీమెయిల్‌లో ఉండిపోతే సావుకారు గతేంటి? ఖాతాలన్నీ మొదటి రోజే కొట్టు పేరున తెరిపించాలి, ఇద్దరు జూనియర్లనైనా మధ్యలోనే కలుపుకోవాలి.