క్యామ్ ఒక్కటి మారిస్తే చాలన్న మాటలో నిజమెంత?

మోటార్‌సైకిల్ ఇంజన్‌కు పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్ (క్యామ్ అంటే వాల్వులను తెరిచి మూసే కడ్డీ) వేయించుకోవడం గురించి ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "కంపెనీ క్యామ్ కావాలనే ఇంజన్ గొంతు నొక్కి ఉంచుతుంది. దాన్ని తీసేసి మంచి క్యామ్ వేస్తే కింది నుంచి పై దాకా అన్ని ఆర్‌పీఎంల వద్దా పవర్ ఇరవై శాతం పెరుగుతుంది. ఇంకేదీ ముట్టుకోనక్కర్లేదు. హెడ్ కవర్ విప్పి, పాతది తీసి కొత్తది పెడితే రెండు గంటల్లో పని అయిపోతుంది. ఐడిల్‌లో ఇంజన్ దడదడలాడుతుంటే క్యామ్ పని చేస్తున్నట్టే. మైలేజీకి ఢోకా లేదు." ఇందులో ప్రతి వాక్యం వెనుకా ఒక నిజపు ముక్క దాగి ఉంది, వినేవారికి నమ్మబుద్ధి కావడానికి కారణం అదే. ఆ ముక్క ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ చెల్లకుండా పోతుందో ఒక్కొక్క మాటగా చూస్తాను.

ముందుగా అన్నిటికంటే పెద్ద మాట, అన్ని ఆర్‌పీఎంల వద్దా పవర్ పెరుగుతుందన్నది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత ఎత్తు లేవాలో, ఎప్పుడు మూసుకోవాలో లోబ్, అంటే క్యామ్ మీది ఉబ్బెత్తు, దాని ఆకారమే నిర్ణయిస్తుంది. మిశ్రమాన్ని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వ్ ఒకటి టీడీసీకి, అంటే పిస్టన్ పైకొసకు చేరే చోటుకు, 20 డిగ్రీల ముందు తెరుచుకుని, బీడీసీ, అంటే పిస్టన్ కిందికొస, దాటిన 50 డిగ్రీలకు మూసుకుంటుందనుకుందాం. మొత్తం 250 క్రాంక్ డిగ్రీలు అది తెరిచి ఉన్నట్టు. డ్యూరేషన్ అనేది దీన్నే. ఇంజన్ 3,000 ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు ఈ 250 డిగ్రీలు గడవడానికి దాదాపు 14 మిల్లీసెకన్లు పడుతుంది. 9,000 ఆర్‌పీఎంలో అయితే ఐదు మిల్లీసెకన్లు కూడా దొరకవు. పై ఆర్‌పీఎంలో ఊపిరి పీల్చుకోవడానికి ఇంజన్‌కు వ్యవధి చాలదు కాబట్టి వాల్వ్‌ను మరికాస్త సేపు తెరిచి ఉంచితే లాభమన్నది నిజం.

చిక్కంతా కింది ఆర్‌పీఎంలో ఉంది. పిస్టన్ బీడీసీ దాటి పైకి లేవడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ కొంతసేపు తెరిచే ఉంటుంది. ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడు పోర్ట్‌లో దూసుకొస్తున్న మిశ్రమం తన ఊపు మీద తాను లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం కలిసొస్తుంది. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ ఊపు ఉండదు. పైకి లేస్తున్న పిస్టన్ అప్పుడే పీల్చిన మిశ్రమాన్ని వచ్చిన దారినే వెనక్కి తోసేస్తుంది. 50 డిగ్రీలకు మూసుకునే వాల్వ్‌ను 70 డిగ్రీలకు మూసుకునేలా చేస్తే ఈ తోపుడు ఇంకా పెరుగుతుంది, నిజంగా నొక్కుడుపడే మిశ్రమం తగ్గుతుంది. పెద్ద క్యామ్ వేశాక కంప్రెషన్ గేజ్ పెడితే రీడింగ్ మునుపటికంటే తక్కువ చూపించేది ఇందుకే. దాన్ని చూసి రింగులు పోయాయని కంగారుపడి బోరు విప్పించినవారిని నేను ఎరుగుదును.

ఒక లెక్క వేసి చూద్దాం. కిలోవాట్లలో పవర్ కావాలంటే న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగించాలి. ఊహకు ఒక సింగిల్ సిలిండర్ ఇంజన్‌ను తీసుకుంటే, పాత క్యామ్‌తో 4,000 ఆర్‌పీఎంలో 18 న్యూటన్ మీటర్లు, 8,500లో 16 న్యూటన్ మీటర్లు ఇస్తోందనుకోండి. పవర్ వరుసగా 7.5, 14.2 కిలోవాట్లు. కొత్త క్యామ్‌తో కింద 15.5, పైన 18 న్యూటన్ మీటర్లు అయితే ఆ అంకెలు 6.5, 16 అవుతాయి. పైన ఎనిమిదింట ఒక వంతు పెరిగింది, కింద ఏడింట ఒక వంతు పోయింది. పెరిగినదాన్ని చెప్పి పోయినదాన్ని దాచడం అబద్ధం కాకపోవచ్చు గాని లెక్క మాత్రం కాదు. రేసు ట్రాక్‌లో ఇంజన్‌ను ఎప్పుడూ పైనే తిప్పేవారికి ఇది మంచి బేరమే. రోజూ మూడు నాలుగు వేల ఆర్‌పీఎంలో గేర్లు మార్చుకుంటూ వెళ్లే బండికి అదే పికప్ చచ్చిపోవడం.

ఒకే లోబ్ ఆకారంతో రెండు చివరలూ దక్కే పనైతే కంపెనీలు ఇంత శ్రమపడేవి కావు. హోండా 2002లో వీఎఫ్‌ఆర్ 800లో కింది ఆర్‌పీఎంలో సిలిండర్‌కు రెండు వాల్వులు, పైన నాలుగు పనిచేసే ఏర్పాటు పెట్టింది. యమహా తన 155 సీసీ ఆర్15 ఇంజన్‌లో ఇన్‌టేక్ వైపు రెండు రకాల లోబులు పెట్టి 7,400 ఆర్‌పీఎం దగ్గర ఒకదాని నుంచి మరొకదానికి మారేలా చేసింది. బీఎండబ్ల్యూ 2018లో తెచ్చిన ఆర్ 1250 జీఎస్‌లో ఇన్‌టేక్ క్యామ్ పక్కకు జరిగి తక్కువ లోడుకు ఒక లోబును, ఎక్కువ లోడుకు మరొక లోబును వాడుకుంటుంది. ఇన్ని పిన్నులు, సోలినాయిడ్లు, అదనపు రాకర్లు (వాల్వును నొక్కే మీటలు) కావలసివచ్చాయంటే, ఒక ఆకారం ఒక చోటే బాగా పనిచేస్తుంది కనుకనే.

కంపెనీ కావాలనే గొంతు నొక్కుతుందన్న ఆరోపణకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. డుకాటీ 1198 అనే స్పోర్ట్ బైక్‌లో ఇన్‌టేక్ వాల్వులూ, కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులూ రెండూ కలిసి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ 41 డిగ్రీలు. అదే ఇంజన్ ఆధారంగా 2010లో మల్టీస్ట్రాడా 1200 చేసినప్పుడు ఆ ఓవర్‌ల్యాప్‌ను 11 డిగ్రీలకు దించారు. అది చాటుగా చేసిన పని కూడా కాదు, ఇంజన్‌కు టెస్టాస్ట్రెట్టా 11 డిగ్రీలు అని దాని మీదే పేరు పెట్టుకున్నారు. కంపెనీ చెప్పిన పవర్ సుమారు 170 హార్స్ పవర్ నుంచి 150కి తగ్గింది. క్యామ్‌తో పాటు ఇతర మార్పులూ ఉన్నాయి గాని ఉద్దేశం స్పష్టం: సామాను కట్టుకుని దూరం వెళ్లే బండికి పైనున్న ఇరవై కంటే కింద సాఫీగా లాగడం ముఖ్యం. కాలుష్య నిబంధనలు, శబ్ద నిబంధనలు, వారంటీ భయం కంపెనీ చేతులు కట్టేస్తాయన్నది ఒప్పుకోవలసిందే. కట్టేయడం వేరు, మోసం చేయడం వేరు.

ఇక నన్ను ఎక్కువ కలవరపెట్టే మాట, ఇంకేదీ ముట్టుకోనక్కర్లేదన్నది. తక్కువ లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) తేడాతో, వాల్వ్‌ను మూసే పాత స్ప్రింగులతోనే సరిపోయేలా చేసిన క్యామ్‌లు కొన్ని ఇంజన్లకు నిజంగానే ఉన్నాయి. వాటిని చేసినవారు ఆ సంగతి కాగితం మీద రాసి ఇస్తారు. ఆ ఒక్క వర్గానికి వర్తించే మాటను అన్ని క్యామ్‌లకూ అంటగట్టడమే తప్పు. లిఫ్ట్ పెరిగితే స్ప్రింగ్ ఇంకా కిందికి నొక్కుకుపోతుంది. చుట్టలు ఒకదానికొకటి ఆనుకుపోతే ఇక నొక్కుకునే చోటు ఉండదు, ఆ దెబ్బ లోబు మీదా రాకర్ మీదా పడుతుంది. స్ప్రింగ్‌ను పట్టి ఉంచే రిటైనర్ వచ్చి వాల్వ్ కాడ చుట్టూ ఉండే గైడ్ సీల్‌ను తన్నే ప్రమాదమూ ఉంది. పైగా కొత్త పవర్ పైన ఉంది కాబట్టి మనిషి ఇంజన్‌ను అక్కడికే తిప్పుతాడు. వాల్వ్‌ను వెనక్కి లాగడానికి కావలసిన బలం ఆర్‌పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 8,000 నుంచి 9,500కు వెళితే అది 41 శాతం ఎక్కువ. పాత స్ప్రింగ్ అంత బలం చూపలేకపోతే వాల్వ్ లోబును వదిలి గాలిలో తేలుతుంది, పిస్టన్ వచ్చేసరికి మూసుకుని ఉండదు.

అలా తగిలిన పిస్టన్ ఒకటి నా బల్ల మీద చాలాకాలం ఉండేది. దాని నెత్తిన, ఎగ్జాస్ట్ వాల్వ్ వైపు, గోటితో నొక్కినట్టు నెలవంక ఆకారంలో సన్నని మెరిసే గాటు. చూడ్డానికి ఏమీ కాదు. ఆ గాటు పెట్టిన వాల్వ్ కాడ మాత్రం వంగిపోయి, సీటు మీద కూర్చోక, కంప్రెషన్ అంతా సైలెన్సర్‌లోకి పోయింది. ఆ బండికి క్యామ్ వేసినవారు పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఖాళీ కొలవలేదు. కొలవడం కష్టమైన విద్య కాదు: పిస్టన్ మీది వాల్వ్ గుంటల్లో పిల్లలు ఆడుకునే మెత్తటి మట్టిని కాస్త నూనె రాసి అద్ది, హెడ్‌ను పాత గాస్కెట్‌తోనే బిగించి, క్రాంక్‌ను పానాతో చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, విప్పి, మట్టిని బ్లేడుతో కోసి దాని మందం చూడాలి. సాధారణంగా ఇన్‌టేక్ వైపు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు అంతకంటే కొంచెం ఎక్కువ ఖాళీ అడుగుతారు. క్యామ్ చేసినవారు ఇచ్చిన అంకె ఉంటే అదే ప్రమాణం. అతి దగ్గరగా వచ్చేది సరిగ్గా టీడీసీ దగ్గర కాదు, ఎగ్జాస్ట్ దానికి కొన్ని డిగ్రీల ముందు, ఇన్‌టేక్ కొన్ని డిగ్రీల తర్వాత. అందుకే టీడీసీలో పెట్టి చూస్తే తగల్లేదు అన్న హామీకి విలువ లేదు.

ఇంధనం సంగతీ అంతే. పీల్చే గాలి మారినప్పుడు కార్బురేటర్ జెట్లు మార్చాలి, ఇంజెక్షన్ బండి అయితే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మ్యాప్, అంటే ఇంధనం పట్టిక, మార్చాలి. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ అంతా చూసుకుంటుందని అనేవారున్నారు. మామూలు బండ్లలో అది ఒక పరిధిలోనే దిద్దుతుంది, థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ దాని మాట వినదు, తన దగ్గరున్న పాత పట్టికనే నమ్ముతుంది. మరో చిన్న విషయం: చాలా పెద్ద సింగిల్ ఇంజన్లలో స్టార్టింగ్‌కు సాయపడే డీకంప్రెసర్ క్యామ్ మీదే ఉంటుంది. కొత్త క్యామ్‌లో అది లేకపోతే భారమంతా స్టార్టర్ మోటారు మీదే పడుతుంది.

రెండు గంటల పని అన్నదాన్ని చేయి తిరిగిన మెకానిక్ విషయంలో, అన్నీ సరిపోయే క్యామ్ విషయంలో ఒప్పుకోవచ్చు. కాని క్యామ్ క్యాపుల బోల్టులను ఒకటొకటిగా పూర్తిగా విప్పితే స్ప్రింగుల ఒత్తిడి ఒక పక్కనే పడి క్యాపు పగలవచ్చు. అన్నిటినీ కొంచెం కొంచెంగా, వరుస తప్పకుండా వదులు చేయాలి. క్యాపులను హెడ్‌తో కలిపే బోర్ చేస్తారు కాబట్టి ఒకటి పాడైతే విడిగా కొని పెట్టేది కాదు. టైమింగ్ చెయిన్ ఒక్క పన్ను తప్పితే, 34 పళ్ల క్యామ్ స్ప్రాకెట్ మీద అది క్రాంక్ వైపు 21 డిగ్రీల తేడా. క్రాంక్ కోణం చూపే డిగ్రీ వీల్, వాల్వ్ ఎత్తు చూపే డయల్ గేజ్ పెట్టి చూడకుండా గుర్తులు కలిశాయని మూసేయడం పందెం కాయడం లాంటిది. లోబులకు అసెంబ్లీ లూబ్ పూయాలి, ట్యాపెట్ క్లియరెన్స్ (మూసుకున్న వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నని ఖాళీ) కొత్తగా పెట్టాలి. ఆ ఖాళీని సరిచేసే బిళ్లలు, అంటే షిమ్ములున్న ఇంజన్ అయితే సరైన మందం షిమ్ దొరికే దాకా బండి బల్ల మీదే ఉంటుంది.

ఐడిల్ దడదడ ఓవర్‌ల్యాప్ పెరిగిందనడానికి గుర్తు, పవర్ పెరిగిందనడానికి కాదు. రెండు వాల్వులూ కలిసి ఎక్కువసేపు తెరిచి ఉంటే కాలిన పొగ కొంత కొత్త మిశ్రమంలో కలిసి, ఒక్కో చుట్టు సరిగా మండక ఇంజన్ తడబడుతుంది. మైలేజీ కూడా ఇదే కారణంగా దెబ్బతింటుంది: తక్కువ ఆర్‌పీఎంలో సరిగా మండని మిశ్రమం కొంత కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది, తగ్గిన టార్క్‌ను పూడ్చడానికి చెయ్యి థ్రాటిల్‌ను ఇంకాస్త తిప్పుతుంది.

ఈ సలహాతో పాటు తరచూ ఒక డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) గ్రాఫ్ కూడా వస్తుంది. అందులో కొత్త గీత పాత గీతకు ఎంత పైన ఉందో అందరూ చూస్తారు. నేను ముందు ఆర్‌పీఎం చూపే అడ్డగీత ఎడమ చివర ఏ అంకె ఉందో చూస్తాను. చాలాసార్లు అక్కడ 5,500 అనో 6,000 అనో ఉంటుంది. కొత్త గీత పాతదాని కిందుగా నడిచిన భాగం ఆ అంచుకు అవతల, కాగితం మీదికి రాకుండానే మిగిలిపోయి ఉంటుంది.