అవిఘ్నమస్తు

మా నాన్నగారి లారీ 1964 నాటిది. టాటావాళ్ళు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు కట్టిన రోజుల సరుకు. 1954లో మొదలైన ఆ పొత్తు 1969లో ముగిసింది. మా బండి అంతకుముందుది కాబట్టి మూతి మీద ఇంకా మూడు కొమ్ముల నక్షత్రమే ఉంది. కంకిపాడులో మా పెరట్లో చింతచెట్టు కింద ఇరవై ఏళ్ళుగా కోళ్ళు కాపురం చేస్తున్నాయి అందులో. రిటైరయ్యాక నాకొక కోరిక పుట్టింది: బెంజి లారీని విజయవాడ బెంజి సర్కిల్ దాకా నడపాలని.

పెద్ద పనులు మేస్త్రి చేశాడు. రెండు భాగాల మధ్య కారకుండా పెట్టే ప్యాకింగులు, వాషర్లు నా వంతు. సెట్టు కోసం విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు కొట్లు తిరిగాను. మూడో కొట్టతను "ఆ బండి ఇంకా ఉందా సార్?" అని పోయినవాళ్ళ గురించి అడిగినట్టు అడిగాడు.

ముందు రాగి వాషర్లు. డీజిల్ పైపుల బోల్టుల కింద ఉంటాయి. వాడగా వాడగా గట్టిపడి, ఎంత బిగించినా డీజిల్ చెమరుస్తుంది. ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడతాయి. ఉక్కుని అలా చేస్తే బిరుసెక్కుతుంది, రాగిది వేరే గుణం. స్టవ్ మీద కాల్చి, పట్టకారుతో తీసి, చేతికందిన గిన్నెలో చుయ్‌మనిపించాను. అది నానబోసిన మినప్పప్పు. మా ఆవిడది ఉక్కు గుణమే.

ప్యాకింగ్ షీటు పెద్దవాటికే అయిపోయింది. ఇంజన్ నుంచి రేడియేటర్‌కి నీళ్ళు పంపే మూతి ఒక్కటి మిగిలింది. దళసరి పెళ్ళికార్డయినా అవసరానికి పనికొస్తుందని మేస్త్రి ఎప్పుడో అన్నాడు. మేనకోడలి పెళ్ళికార్డు అట్టముక్కంత మందం. మూతికి గ్రీజు రాసి కార్డు వెనక అద్దితే అచ్చు చక్కగా పడింది. అటొకటి ఇటొకటి బోల్టు కన్నాలు, మధ్యలో నీళ్ళ దారి. కన్నం మీద బేరింగు గుండు పెట్టి సుత్తితో ఒక్కటిస్తే అట్ట గుండ్రంగా తెగిపోయింది. అంచుల వెంట గుండ్రటి తల సుత్తితో టకటకలాడిస్తే ఇనప అంచే కత్తెరలా కోసింది. ఇక మధ్యది కోద్దామని కార్డు తిప్పానో లేదో, వెనకనుంచి అమ్మ.

"ఒరేయ్! స్వామి పొట్ట కోస్తావుట్రా?"

సరిగ్గా మధ్యలో వినాయకుడు! కత్తెర పక్కన పెట్టేశాను. వేరే అట్ట చూద్దామనుకుని కాఫీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద ప్యాకింగ్ తయారుగా కనబడింది. రెండు బోల్టులూ బిగించేశాను.

ఆదివారం ఆరు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. గంగూరు దాకా లారీ పెళ్ళికొడుకులా నడిచింది. పెనమలూరు రాకముందే వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి, ఇడ్లీపాత్ర మూత తీసినట్టు. రోడ్డు పక్కన ఆపి మేస్త్రి పై పైపు మీద చెయ్యి వేశాడు.

"ఇంజన్ ఉడుకుతోంది, పైపేమో కుండలా చల్లగా ఉంది. నీళ్ళు దాటట్లేదు సార్. వేడెక్కాక నీళ్ళకి దారి తెరిచే థర్మోస్టాట్ పట్టేసుంటది."

గంటసేపు చల్లారనిచ్చి విప్పాడు. థర్మోస్టాట్‌కి ఏ రోగమూ లేదు. దాని ముందు, దారికి అడ్డంగా, తడిసి ముద్దయి కూడా చెక్కుచెదరకుండా, విఘ్నాలు తొలగించే స్వామి కూర్చుని ఉన్నాడు. కింద "అవిఘ్నమస్తు" అని బంగారు అక్షరాలు.

మేస్త్రి నావైపు చూశాడు, స్వామివైపు చూశాడు, బ్లేడు నా చేతిలో పెట్టాడు.

"మీరే కొయ్యండి సార్. నాకు పిల్లలున్నారు."

ఎదురుగా మిఠాయి కొట్టుంది. డబ్బా కోసం పావుకిలో మైసూర్‌పాక్ ఇమ్మన్నాను. "పావుకిలో డబ్బా అట్ట పల్చన, అరకిలో తీసుకోండి" అన్నాడు మేస్త్రి. కొత్త ప్యాకింగ్ కోసి బిగించేసరికి మైసూర్‌పాక్ అయిపోయింది. బెంజి సర్కిల్ దాకా వెళ్ళే ధైర్యం కూడా. పోరంకిలో బండి వెనక్కి తిప్పాం.

స్వామిని పారెయ్యబుద్ధి కాలేదు. ఆరబెట్టి, స్టీరింగ్ ముందు టేపుతో అంటించాను. మర్నాడు అమ్మ అగరుబత్తి వెలిగించడానికి లారీ ఎక్కింది. కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఒరేయ్, స్వామి చెవుల పక్కన ఆ కన్నాలేంట్రా?"